బ్రేక్ ఆయిల్లో నీళ్ళు: ఘాట్ దిగే పాత బళ్ళ గురించి మంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రి గారికి, కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి,



ఏజెన్సీ ఘాట్ రోడ్లలో ఒక బొలెరోనో సుమోనో లోయలోకి పోయినప్పుడు మర్నాడు పేపర్లో కారణం రెండు ముక్కల్లో వస్తుంది. అయితే బ్రేకులు ఫెయిలయ్యాయి, లేకపోతే డ్రైవరు నిర్లక్ష్యం. బ్రేకు ఎందుకు ఫెయిలైంది, ఏ భాగం పోయింది, ఆ భాగాన్ని అంతకుముందు ఎవరు చూసి బాగుందని సంతకం పెట్టారు అన్న ప్రశ్నలకు జవాబు ఎక్కడా రాదు. ఎవరూ వెతకరు గనక రాదు. ఏం వెతకాలో, ఆ వెతకడం ఎంత తేలికో చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను మైదానం నుంచి పాడేరు వైపు కొండెక్కే రోడ్డు మొదట్లో మెకానిక్ షెడ్డు నడుపుతాను. ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు చదివి ఈ పనిలోకి వచ్చాను. నా షెడ్డుకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం బొలెరోలు, సుమోలు, ఇంకా బతికున్న కొన్ని కమాండర్ జీపులు. సంతకు జనాన్ని దింపేవి, కాఫీ గింజలు, మిరియాలు, పసుపు మోసుకొచ్చేవి, పురిటి నొప్పులొచ్చిన మనిషిని అర్ధరాత్రి పాడేరు ఆసుపత్రికి చేర్చేవి ఇవే. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు జిల్లా కేంద్రమయ్యాక ఆఫీసు పనుల మీద తిరిగే జనం కూడా వీటికి తోడయ్యారు. బస్సు వెళ్ళని ఊళ్ళు కొండల మీద చాలా ఉన్నాయి. అక్కడ ఈ బండే బస్సు, ఈ బండే అంబులెన్సు.

అందుకే ముందుగా ఒక మాట. పాత బళ్ళను తుక్కు చేసేయమని అడగడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. ఇవి మంచి బళ్ళు. టాటా సుమో 1994లో వచ్చింది. అప్పట్లో టెల్కో అనే టాటా కంపెనీని తీర్చిదిద్దిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరు లోంచి ఆ పేరు పెట్టారు. మొదట్లో 1948 సీసీ డీజిల్ ఇంజను, నిచ్చెన ఛాసిస్, వెనక చక్రాలకు తోపు. 2019లో తయారీ ఆగిపోయింది గానీ మా రోడ్ల మీద ఆగలేదు. మహీంద్రా బొలెరో 2000లో వచ్చింది. ఎక్కువ కాలం 2523 సీసీ డీజిల్ ఇంజనుతో నడిచింది. చక్రాల మధ్య దూరం 2680 మిల్లీమీటర్లు, నేలకూ బండి కిందకూ మధ్య 180 మిల్లీమీటర్లు, ఖాళీ బండి బరువు 1600 కిలోల ప్రాంతం. వెనక పట్టీల స్ప్రింగులు. గెడ్డ దాటినా, రాళ్ళ దారిలో పోయినా తట్టుకుంటుంది, రిపేరుకు పెద్ద పరికరాలు అక్కర్లేదు. కొండ మీద పల్లెలో కూడా ఎవరో ఒకరు విప్పి బిగించగలరు.

బ్రేకుల అమరిక కూడా అంత సూటిదే. ముందు చక్రాలకు డిస్కులు, వెనక డ్రమ్ములు. పాత కమాండర్ జీపులకైతే నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. కాలితో తొక్కిన బలాన్ని బూస్టరు పెంచుతుంది, మాస్టర్ సిలిండరు దాన్ని ఆయిల్ ఒత్తిడిగా మార్చి నాలుగు చక్రాలకూ పంపుతుంది. కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయ్యింది 2019 ఏప్రిల్ నుంచి. అంతకుముందు వచ్చిన ఈ బళ్ళలో చాలావాటికి అది లేదు, ఇప్పుడు తగిలించడం అయ్యే పని కాదు. కాబట్టి ఉన్న బ్రేకే సరిగ్గా ఉండాలి. ఉంచడం కష్టమా అంటే కాదు. చూడాల్సింది చూస్తే చాలు.

ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద ఎంత భారం పడుతుందో ఒకసారి లెక్క వేసి చూడండి. పాడేరు, అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నాయి. జనం, సామాను కలిపి రెండున్నర టన్నుల బరువున్న బండి అక్కణ్ణించి 800 మీటర్ల లోతుకు దిగిందనుకోండి. ఆ దిగుడులో విడుదలయ్యే శక్తి ఐదు యూనిట్ల కరెంటు పైమాటే. గది వేడిలో ఉన్న అరవై లీటర్లకు పైగా నీళ్ళను ఆ శక్తితో మరిగించవచ్చు. ఇదంతా ఎక్కడికో పోవాలి. బండి రెండో గేరులోనో మూడో గేరులోనో దిగితే పెద్ద వాటా ఇంజను తీసుకుంటుంది. న్యూట్రల్లో దిగితే దాదాపు మొత్తం భారం డిస్కులు, డ్రమ్ముల మీదే పడుతుంది.

మా వైపు న్యూట్రల్లో దింపడం అలవాటు. కొందరు ఏకంగా ఇంజను ఆపేసి దింపుతారు. డీజిలు మిగులుతుందన్న నమ్మకం. ఇది తప్పుడు లెక్క. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేసి దిగే డీజిల్ ఇంజనుకు పంపు దాదాపు డీజిలు పంపదు, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్లో ఉంటేనే ఐడిలింగుకు డీజిలు ఖర్చవుతుంది. ఇక ఇంజను ఆపితే వచ్చే ప్రమాదం వేరు. పెట్రోలు ఇంజను బూస్టరుకు కావాల్సిన వాక్యూమ్ తనే ఇస్తుంది. డీజిల్ ఇంజను ఇవ్వదు గనక ఈ బళ్ళలో ఆల్టర్నేటరు వెనక చిన్న వాక్యూమ్ పంపు పెట్టారు. ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది. బూస్టరులో మిగిలిన వాక్యూమ్‌తో రెండు మూడు సార్లు బ్రేకు పడుతుంది. ఆ తరవాత పెడల్ గట్టిపడిపోయి ఎంత తొక్కినా దిగదు. పవర్ స్టీరింగు ఉంటే అదీ బిగుసుకుంటుంది. పంపుకు పోయే రబ్బరు గొట్టం పగిలినా, పంపు అరిగినా, ఇంజను నడుస్తుండగానే ఇదే జరుగుతుంది. ఆ గొట్టాన్ని వేలితో వంచి చూస్తే పగుళ్ళు కనిపిస్తాయి. ఫిట్‌నెస్ తనిఖీలో దాన్ని వంచి చూసిన అధికారిని నేను ఇంతవరకూ చూడలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ జాతి ద్రవం. దాని గుణం తేమను పీల్చుకోవడం. డబ్బా మూత సందుల్లోంచి, రబ్బరు గొట్టాల గోడల్లోంచి తేమ లోపలికి చేరుతూనే ఉంటుంది. మా వైపు వానలకు, పొగమంచుకు ఇంకా తొందరగా చేరుతుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230 దాకా. అదే ఆయిల్లో 3.7 శాతం నీరు చేరితే ఈ పరిమితులు 140కి, 155కి పడిపోతాయి. ఘాట్ పొడవునా కాలు బ్రేకు మీదే ఉంచి దిగే బండిలో క్యాలిపరు దగ్గర ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. తొక్కిన పెడల్ సర్రున నేలకు తగులుతుంది, చక్రాలకు ఒత్తిడి చేరదు. రెండో తొక్కుకూ అంతే.

ఆ తరవాత జరిగేది మీరు ప్రత్యేకంగా గమనించాలి. బండి ఎక్కడో ఆగాక, లేదా పడ్డాక, గంట రెండు గంటల్లో ఆయిల్ చల్లబడుతుంది. బుడగలు తిరిగి నీరై ఆయిల్లో కలిసిపోతాయి. పెడల్ మళ్ళీ మామూలుగా పైకి వచ్చేస్తుంది. మర్నాడు పోలీసుల కోరిక మీద మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు వచ్చి పెడల్ తొక్కి చూస్తే బ్రేకు చక్కగా పడుతుంది. బ్రేకులు పనిచేస్తున్నాయి, ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగింది కాదు అని నివేదిక రాస్తారు. అబద్ధం రాశారని నేను అనను. ఆయన చూసినప్పుడు బ్రేకు నిజంగానే పనిచేసింది. కానీ ఆ ఒక్క వాక్యంతో తప్పంతా డ్రైవరు మీద పడుతుంది. మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద కేసు. బీమా డబ్బు దగ్గర తగాదా. ఆ డ్రైవరు భార్యాపిల్లలు కోర్టు వాయిదాలకు తిరగడం.

ఇలాంటి ఒక బండి నా షెడ్డుకు వచ్చింది. సంత నుంచి జనంతో దిగుతున్న సుమో. మలుపుల్లో పెడల్ దిగిపోయిందని, లోయ వైపు పోకుండా కొండ వైపు గట్టుకు ఆనించి ఆపానని డ్రైవరు చెప్పాడు. కుర్రాడే, ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి. జనానికి దెబ్బలు తగిలాయి, ప్రాణాలు పోలేదు. బ్రేకులు బాగానే ఉన్నాయని నివేదిక వచ్చింది, అతని మీద కేసు నడిచింది. బాడీ పని కోసం ఓనరు బండిని నా దగ్గరికి తోలించాడు. బానెట్టు ఎత్తి ఆయిల్ డబ్బా మూత తీశాను. లేత తేనె రంగులో ఉండాల్సిన ఆయిల్ చిక్కని డికాషన్ రంగులో ఉంది, అడుగున నల్లటి నలక. పెన్ను లాంటి పరికరం ఒకటి దొరుకుతుంది, దాని ములుకులు ఆయిల్లో ముంచితే నీటి శాతాన్ని బట్టి దీపాలు వెలుగుతాయి. ముంచాను. నాలుగు శాతం దాటిందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది. ఆయిల్ ఎప్పుడు మార్పించారని ఓనరును అడిగితే, “తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నాం కదండీ” అన్నాడు. పోయడమే తప్ప పూర్తిగా మార్చడం అన్నదే ఆ బండి ఎరగదు. రెండేళ్ళకోసారి మార్చాల్సిన ఆయిల్ అది.

ఆ పెన్ను ధర కొన్ని వందల రూపాయలు. అది అంత కచ్చితమైన పరికరం కాదని నాకు తెలుసు. ఆయిల్‌ను వేడి చేసి మరిగే డిగ్రీలు చెప్పే మెరుగైన యంత్రాలున్నాయి. అయినా ఆ చిన్న పెన్ను ఇన్‌స్పెక్టరు జేబులో ఉండి ఉంటే ఆ నివేదికలో ఇంకో వాక్యం చేరేది. ఆ కుర్రాడిని ఎవరూ అడగని ప్రశ్న కూడా ఒకటుంది. పెడల్ నేలకు దిగిపోయిందా, గట్టిగానే ఉండి బండి ఆగలేదా, లేక గట్టిపడి అసలు కదల్లేదా? మొదటిదైతే ఆయిల్ మరగడమో, ఎక్కడో లీకవడమో. రెండోదైతే లైనర్లు కాగి పట్టు పోవడం. మూడోదైతే వాక్యూమ్. ఈ ఒక్క ప్రశ్న అడిగితే సగం దర్యాప్తు అక్కడే పూర్తవుతుంది. ప్రమాద నివేదిక ఫారంలో దీనికో గడి పెట్టించండి.

ఇక వెనక డ్రమ్ముల సంగతి. ఇవి పైకి కనపడవు, చక్రం విప్పితే గాని తెలియదు. ఈ బళ్ళకు వెనక బండ యాక్సిల్. దాని చివర ఆయిల్ సీలు అరిగితే హౌసింగులోని ఆయిల్ మెల్లగా డ్రమ్ములోకి కారుతుంది. విప్పితే లైనరు పొడి, ఆయిల్ కలిసి నల్లటి ముద్ద. షూ మీద చెయ్యి పెడితే జారిపోతుంది. ఆ చక్రానికి బ్రేకు లేనట్టే లెక్క. రెండో వైపు చక్రం పడుతుంది, ఇది పట్టదు, గట్టిగా తొక్కగానే బండి ఒక పక్కకు లాగుతుంది. చాలా షెడ్లలో ఆ షూను పెట్రోలుతో కడిగి, ఉప్పు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించేస్తారు. అలా చేయకూడదు. లైనరు లోపలికి ఇంకిన ఆయిల్ వేడెక్కినప్పుడు మళ్ళీ పైకి వస్తుంది, అది కూడా సరిగ్గా ఘాట్లోనే. సీలు మార్చాలి, రెండు వైపులా షూలు కొత్తవి వేయాలి. మా వాళ్ళకు ఇది తెలియదని కాదు. కూలీకి కొత్త సామాను ఖర్చు కూడా తోడైతే ఓనరు ఇంకో షెడ్డుకు పోతాడన్న భయం.

షూలు అరిగే కొద్దీ వాటిని డ్రమ్ముకు దగ్గరగా జరిపే అడ్జస్టరు ఒకటుంటుంది. గెడ్డలు దాటి దాటి బురద చేరి, తుప్పు పట్టి అది బిగుసుకుపోతుంది. అప్పటి నుంచి వెనక బ్రేకులు పేరుకే ఉంటాయి, ముందు ప్యాడ్లు రెట్టింపు భారం మోసి రెట్టింపు కాగుతాయి. డ్రైవరుకు తెలిసేది ఒకటే, పెడల్ కాస్త కిందికి పోతోంది. ఇంకోసారి కొడితే పడుతోందిలే అని సర్దుకుంటాడు. రెండుసార్లు కొడితే గాని పడని బ్రేకుతో ఊళ్ళో తిరగొచ్చేమో, ఘాట్లో రెండో తొక్కుకు సమయం ఉండదు.

బరువును బట్టి వెనక బ్రేకును అదుపు చేసే వాల్వు మరొకటి. ఎల్ఎస్‌పీవీ అంటాం. వెనక యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య చిన్న కడ్డీతో ఉంటుంది. బండి బరువెక్కి వెనక కుంగితే కడ్డీ కదిలి వెనక చక్రాలకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది, వెనక చక్రాలు జామై బండి తిరిగిపోకుండా. మంచి ఏర్పాటు. కానీ ఏడుగురి బండిలో పదిహేను మందిని ఎక్కించడానికి ఓనర్లు వెనక అదనపు పట్టీలు వేయిస్తారు. పట్టీలు పెరిగితే బండి కుంగదు. బండి కుంగకపోతే వాల్వు దాన్ని ఖాళీ బండే అనుకుంటుంది. వెనక చక్రాలకు బ్రేకు ఎక్కువ కావాల్సిన సరిగ్గా ఆ సమయంలో తగ్గించేస్తుంది. కొన్ని బళ్ళలో ఆ కడ్డీ ఊడిపోయి వేలాడుతుంటుంది, తీగతో కట్టేసినవీ చూశాను. అదనపు పట్టీ ఉందో లేదో, కడ్డీ ఉందో లేదో చూడటానికి విప్పాల్సింది ఏమీ లేదు. వంగి చూడాలి.

ఇవి కాక డూప్లికేటు సామాను. పేరున్న కంపెనీ డబ్బాలో, అదే రంగు అచ్చులో, సగం ధరకు ప్యాడ్లు, వీల్ సిలిండరు కిట్లు, బ్రేక్ ఆయిల్ దొరుకుతాయి. ఆ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు అసలువాటిలాగే పడతాయి, వేడెక్కితే తేడా తెలుస్తుంది. అత్యవసరంలో డబ్బాలో ఇంజను ఆయిల్ పోసి నడిపేవాళ్ళూ ఉన్నారు. దాంతో రబ్బరు వాషర్లన్నీ ఉబ్బి పాడవుతాయి. మీ శాఖ దాడులు హెల్మెట్ల మీద, సైలెన్సర్ల మీద జరగడం చూశాను. బ్రేకు సామాను అమ్మే దుకాణాల మీద కూడా తూనికలు, కొలతల శాఖను, బీఐఎస్‌ను కలుపుకొని ఒకసారి వెళ్ళండి.

ఇప్పుడు మీ రూల్సు ఏమంటున్నాయో చూద్దాం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 62వ నిబంధన ప్రకారం పసుపు ప్లేటు బండికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ పైన ఏటా ఫిట్‌నెస్ కావాలి. బాగుంది. కానీ మా కొండల మీద కిరాయికి తిరిగే బళ్ళలో తెల్ల ప్లేటువి చాలా ఉన్నాయి. సొంత బండిగా రిజిస్ట్రేషను అయిన దానికి పదిహేనేళ్ళ దాకా ఏ తనిఖీ లేదు. ఆ తరవాత ఐదేళ్ళకోసారి. అంటే ఒక బొలెరో పదిహేనేళ్ళ పాటు రోజూ ఘాట్ దిగినా దాని డ్రమ్ము విప్పి చూసే బాధ్యత చట్టం ఎవరికీ ఇవ్వలేదు. తెల్ల ప్లేటుతో కిరాయి తిప్పడం తప్పే, కాదనను. ఫైన్లు వేస్తున్నారు. ఫైను కట్టిన బండి అదే బ్రేకుతో మళ్ళీ అదే ఘాట్ దిగుతోంది.

2021 సెప్టెంబరు నోటిఫికేషనుతో ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు వస్తున్నాయి. యంత్రాలతో పరీక్ష రావడం మంచిదే, చేతివాటం తగ్గుతుంది. అయితే ఆ రోలర్ల మీద బండి పరీక్ష జరిగేది చల్లటి బ్రేకుతో. నాలుగు శాతం నీరున్న ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆ సుమోను రోలర్ల మీద నిలబెట్టి ఉంటే పాసయ్యేది. రోలరు ఎంత బలంతో బ్రేకు పడుతుందో చెబుతుంది, ఎంత వేడికి ఆ బ్రేకు పోతుందో చెప్పదు. కాబట్టి కేంద్ర మంత్రి గారికి నా విన్నపం ఇది: ఫిట్‌నెస్ పరీక్షల పట్టికలో బ్రేక్ ఆయిల్ నీటి శాతాన్ని, లేదా మరిగే డిగ్రీని, చేర్చండి. అరనిమిషం పని. దానితో పాటు ఎనిమిదేళ్ళు దాటిన బండికి కనీసం ఒక వెనక డ్రమ్మును విప్పి చూడటం.

రీకాల్ గురించి కూడా ఒక మాట. 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి రీకాల్ నిబంధనలు వచ్చాయి. తయారీ లోపం ఉంటే కంపెనీ సొంత ఖర్చుతో సరిచేయాలి, లేదంటే పది లక్షల నుంచి కోటి దాకా జరిమానా. కానీ అది ఏడేళ్ళ లోపు బళ్ళకే. 2019లో తయారీ ఆగిన సుమోలు, అంతకుముందు నాటి బొలెరోలు ఆ గీత దాటిపోతున్నాయి, చాలావరకు ఎప్పుడో దాటిపోయాయి. సీటు కవరు లోపానికి ఏడేళ్ళు చాలు. బ్రేకు, స్టీరింగు లోపాలకు పదిహేనేళ్ళు ఉండాలి, ఎందుకంటే ఆ బండి పదిహేనేళ్ళు రోడ్డు మీద తిరగవచ్చని రిజిస్ట్రేషను ఇచ్చింది ప్రభుత్వమే.

రాష్ట్ర మంత్రి గారూ, మీ చేతిలో ఉన్న పని దీనికంటే తేలిక. తిరుమల ఘాట్లో బండి నిర్ణీత సమయం కంటే ముందే దిగితే జరిమానా పడుతుంది. ఆ భయంతోనైనా జనం నెమ్మదిగా, గేరులో దిగుతారు. మా ఘాట్లకు ఆ మాత్రం ఏర్పాటూ లేదు. పాడేరు, అనంతగిరి, లంబసింగి, మారేడుమిల్లి, ఈ నాలుగు దారుల్లో కొండ మీద దిగుడు మొదలయ్యే చోట ఒక్కొక్క తనిఖీ గుడారం వేయించండి. కింద కాదు, పైన. దిగబోయే బండికే పరీక్ష కావాలి. ఒక ఇన్‌స్పెక్టరు, ఒక ఐటీఐ కుర్రాడు, ఒక పెన్ను, ఒక టార్చి. ఆయిల్ చూడటం, వాక్యూమ్ గొట్టం వంచడం, టార్చి వేసి చక్రాల లోపలి వైపు తడి ఉందేమో, ఎల్ఎస్‌పీవీ కడ్డీ ఉందేమో చూడటం. తేడా ఉంటే ఫైను వద్దు, అక్కడే ఆయిల్ మార్చించండి. అర లీటరు, లీటరు ఆయిల్ ఖర్చు ప్రభుత్వమే భరించినా ఒక్క ప్రమాదానికి ఇచ్చే ఎక్స్‌గ్రేషియా ఎన్నో బళ్ళకు సరిపోతుంది. పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) తలచుకుంటే గిరిజన యువకులకు ఇందులో శిక్షణ ఇచ్చి ఉపాధి కూడా చూపించగలదు.

ఘాట్ మధ్యలో విశాలమైన చోట బండి ఆపి బ్రేకులు చల్లార్చుకునే జాగాలు కావాలి. కాగిన డ్రమ్ము మీద చెంబుడు నీళ్ళు కొట్టే అలవాటు మా డ్రైవర్లకుంది. పోత ఇనుము పగులుతుంది, డిస్కు వంకరపోతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, ఇంజను ఆపకండి అని పెద్ద అక్షరాలతో బోర్డులు పెట్టించండి. ఇప్పుడున్న బోర్డుల్లో ఎక్కువ భాగం స్వాగతాలూ, పార్టీల ఫ్లెక్సీలూ.

కిక్కిరిసి ఎక్కే జనాన్ని తప్పుపట్టడం సులువు. సంత రోజు సాయంత్రం బస్సు లేకపోతే పదిహేను మందీ ఆ ఒక్క జీపే ఎక్కుతారు. 2018 సెప్టెంబరు 11న తెలంగాణలో కొండగట్టు ఘాట్లో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయినప్పుడు ఆ బస్సులో వంద మందికి పైగా ఉన్నారు. సర్కారు బస్సు అది, డిపో ఉంది, మెకానిక్కులున్నారు, రికార్డులున్నాయి. అంత వ్యవస్థ ఉన్నచోటే అలా జరిగిందంటే, ఏ డిపో లేని జీపు సంగతి మీరే ఆలోచించండి. సంత రోజుల్లో హుకుంపేట, జి.మాడుగుల, ముంచంగిపుట్టు వైపు ఇంకో రెండు ట్రిప్పులు నడిపిస్తే జీపు బరువు దానంతటదే తగ్గుతుంది.

నాలాంటి మెకానిక్కుల బాధ్యత కూడా చెప్పకపోతే ఈ లేఖ న్యాయంగా ఉండదు. బ్రేకు పని చేసిన ప్రతి షెడ్డూ ఏం మార్చింది, ఏ ఆయిల్ పోసింది, ఏ తారీఖున అన్నది రాసి బండికి ఒక చీటీ ఇవ్వాలన్న నిబంధన పెట్టండి. మా వ్యాపారానికి ఇబ్బందని కొందరు గొడవ చేస్తారు. చేయనివ్వండి. చీటీ మీద పేరుంటే ఆయిల్ ఇంకిన షూను ఎవరూ మళ్ళీ బిగించరు.

నవంబరు నుంచి లంబసింగి, వంజంగి, అరకు వైపు పర్యాటకుల రద్దీ మొదలవుతుంది. మైదానం నుంచి, హైదరాబాదు నుంచి ఘాట్ అలవాటు లేని డ్రైవర్లు పాత బళ్ళు తీసుకొని వస్తారు. ఆలోగా కనీసం పాడేరు ఘాట్ పైన ఒక్క తనిఖీ గుడారమైనా వేయించమని కోరుతున్నాను. మొదటి వారం బళ్ళు చూడటానికి నా షెడ్డు మూసి నేనే వస్తాను, జీతం అక్కర్లేదు.

భవదీయుడు,
ఘాట్ రోడ్డు కింద ఒక మోటారు మెకానిక్